ఏ బరంపురం అమ్మీ?

మా ప్రాంతంలో ఊరి పేరు ఒక్కటీ చెబితే ఎవరూ ఒప్పుకోరు. కొత్తూరంటే ‘ఏ కొత్తూరు?’ అంటారు. సీతానగరమంటే ‘ఎటు సీతానగరం?’ అంటారు. పెళ్ళి సంబంధమైనా, ఆవు బేరమైనా ఆ ముడి విడిపోయాకే మాట ముందుకు సాగుతుంది. మా నాన్నకి మాత్రం ఆ ప్రశ్నే బతుకుతెరువు. ఆయన ఆర్‌.ఎం‌.ఎస్‌., అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ఉత్తరాలు ఊరివారీగా వేరుచేసే సార్టరు. మెయిలు బండికి తగిలించిన తపాలా పెట్టెలో రాత్రంతా నిలబడి, ఒకసారి వాల్తేరు వైపు, ఒకసారి బరంపురం వైపు, ఉత్తరాలు గళ్ళలో పడేస్తూ వెళ్ళేవారు. తెల్లారి ఇంటికొచ్చేసరికి చేతివేళ్ళకి ముద్రసిరా, చొక్కాకి లక్క వాసన ఉండేవి. కాళ్ళు వేన్నీళ్ళలో పెట్టుకుని కూర్చుని, ఆ రాత్రి ఏ ఉత్తరం ఎటు పోబోయి ఎటు మళ్ళిందో చెప్పేవారు. మా ఇంట్లో పిల్లలం కథలకు బదులు అవే విన్నాం.

మేం ఉండేది ఆమదాలవలసలో. మా ఊళ్ళో రైలు దిగిన కొత్తవాళ్ళు బోర్డు చూసి తికమకపడేవారు, ఎందుకంటే బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. శ్రీకాకుళం పట్నం అక్కడినుంచి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. రైలుమార్గం దాని పక్కనుంచి పోలేదు కాబట్టి మా ఊరి స్టేషను పక్క పట్నం పేరు మోస్తోంది. స్టేషను కోడు చూస్తే ఇంకో తమాషా. అది సి.హెచ్.ఇ. ఇంగ్లీషువాళ్ళ కాలంలో శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు, ఈ స్టేషను చికాకోల్ రోడ్. పేరు మారిపోయినా కోడు మారలేదు. ఇవాళ మనవరాలు ఫోన్లో టికెట్టు తీసినా అదే పాత పేరు మూడక్షరాలై కనిపిస్తుంది.

పోనీ ఆమదాలవలస అయినా ఒక్కటేనా అంటే అదీ కాదు. రేగిడి ఆమదాలవలస అని ఇంకొకటి ఉంది, రాజాం వైపు. మొన్న 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది, మాది శ్రీకాకుళంలోనే ఉండిపోయింది. మనుషులకి ఇంటిపేర్లు ఉన్నట్టే మా వైపు ఊళ్ళకీ ఉంటాయి. రేగిడి ఆమదాలవలస, గంగువారి సిగడాం, లక్ష్మీనర్సుపేట, శృంగవరపుకోట, లక్కవరపుకోట. వీటిని జనం జి.సిగడాం, ఎల్.ఎన్.పేట, ఎస్.కోట, ఎల్.కోట అని పొట్టిచేసుకున్నారు. బయటివాళ్ళకి ఆ పొడి అక్షరాలు అర్థం కావు గానీ, ఒకే పేరున్న ఊళ్ళు ఎక్కువైనచోట జనం తమంతట తాము కనిపెట్టుకున్న ఏర్పాటు అది. సర్కారు చెప్పి చేయించింది కాదు. నాకు అదంటే చాలా గౌరవం.

మా అప్ప, అంటే అక్క, పెళ్ళి సంబంధం జాబు ఒకటి నాకు బాగా గుర్తు. తెనాలి వైపునుంచి మధ్యవర్తి రాశారు. శ్రీకాకుళంలో ఉన్న మా పెదనాన్న పేరు, కింద ‘శ్రీకాకుళం’, అంతే. జిల్లా పేరు రాయలేదు. తెనాలి దగ్గరనుంచి చూస్తే శ్రీకాకుళమంటే కృష్ణ ఒడ్డున ఘంటసాల పక్కనున్న ఊరు. ఆ జాబు తిన్నగా అటే వెళ్ళింది. అక్కడ మా పెదనాన్న పేరుగలవాళ్ళు ఎవరూ లేరు. ఎట్టకేలకు మాకు చేరిన రోజు నాన్న దాన్ని అప్పకి ఇవ్వకముందు దీపం కింద పెట్టి చూశారు. నేను పక్కనే ఉన్నాను. కార్డు నాలుగు మూలలా పసుపు, చేతులు మారి మారి పసుపు వెలిసిపోయింది. ముందూ వెనకా గుండ్రటి ముద్రలు ఒకదానిమీద ఒకటి. ఎవరో ఎర్ర పెన్సిలుతో ‘శ్రీకాకుళం జిల్లా చూడండి’ అని రాసి కింద గీత గీశారు. నాన్న ఆ గీత మీద వేలు పెట్టి, "చూడమ్మీ, ఎవరో ఎరగం. ఆగి ఆలోచించాడు. లేకపోతే ఇది చెత్తబుట్టలోకి పోయేది" అన్నారు. పెళ్ళివారి సంగతి తర్వాత, ముందు ఆ ఎర్ర పెన్సిలు మనిషికి ఆయన మనసులో దణ్ణం పెట్టుకున్నారని నాకు అనిపించింది. ఆ సంబంధం కుదిరింది కూడా.

1972 ఆగస్టు 15న పిన్‌కోడు వచ్చింది. ఇప్పటి పిల్లలకి అది ఫారంలో నింపే ఆరంకెలు మాత్రమే. మా ఇంట్లో అది పండగ. శ్రీరామ్ భికాజీ వేలంకర్ అనే తపాలా అధికారి తయారుచేశారు దాన్ని. ఎందుకు కావలసొచ్చిందంటే, ముఖ్యంగా ఇందుకే: దేశంలో ఒకే పేరు ఊళ్ళు కొల్లలు, ఒక్కొక్కరు ఒక్కో భాషలో, ఒక్కో తీరులో రాస్తారు, ఉత్తరం చదివేవాడికి ఆ లిపి రాకపోవచ్చు. అంకెలు ఎవరికైనా ఒకటే. మొదటి అంకె దేశంలో ఏ మూలో చెబుతుంది, మూడంకెలు కలిస్తే ఏ సార్టింగ్ జిల్లాకి పోవాలో తెలుస్తుంది, చివరి మూడూ పోస్టాఫీసుని పట్టిస్తాయి. మా శ్రీకాకుళం 532తో మొదలవుతుంది, కృష్ణ ఒడ్డు శ్రీకాకుళం 521తో. "ఇంక మీ అప్ప జాబు అటు ఎల్దు" అన్నారు నాన్న. అప్పటికి అప్పకి బిడ్డ కూడా పుట్టేసింది.

ఆయనకి ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉండేది. ఒకే పేరు ఊళ్ళు ఎక్కడ కనిపించినా అందులో రాసేవారు. మన దేశంవి ఎర్రసిరాతో, పైదేశంవి నీలంసిరాతో. మొదటి పేజీ మొత్తం బరంపురమే. మా వాళ్ళకి బరంపురమంటే ఒడిశా బరంపురం. పట్టుచీరలకి అక్కడికి, పెద్ద జబ్బు చేస్తే మెడికల్ కాలేజీ ఆసుపత్రికని అక్కడికి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరుపడేదాకా అది మనతోపాటు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, ఇవాళ్టికీ అక్కడ తెలుగు వినబడని వీధి ఉండదు. కానీ బెంగాల్లో, ముర్షిదాబాద్ జిల్లాలో ఇంకో బరంపురం ఉంది. 1857 ఫిబ్రవరిలో కొత్త తూటాలు ముట్టబోమని సిపాయిలు ఎదురుతిరిగింది అక్కడి కంటోన్మెంటులోనే, మీరట్ కన్నా ముందు. కలకత్తానుంచి వచ్చే సంచుల్లో ఈ రెండూ కలిసిపోతే తెల్లారేదాకా వేరుచేసుకోవాలి. పిన్ వచ్చాక 760 అంటే మనది, 742 అంటే బెంగాలుది. అయినా నాన్నకి అలవాటు పోలేదు. మేం ఎవరం ‘బరంపురం వెళ్తున్నాం’ అన్నా, "ఏ బరంపురం అమ్మీ?" అని అడిగి తీరేవారు.

నీలంసిరాలో మూడో బరంపురం కూడా ఉంది. న్యూజిలాండు రాజధాని వెల్లింగ్టన్‌లో ఒక పేట పేరు బెరంపోర్. మన దేశపు పేరే సముద్రం దాటి వెళ్ళింది. ఇది నాన్నకి ఎలా తెలిసిందో మాకెవరికీ చెప్పలేదు. ఏదో కవరు మీద చూసుంటారు.

రాయగడ బండి మీద డ్యూటీ పడితే ఇంకో రకం చిక్కు. మన పక్క రాయగడ ఒడిశాది. రాయగఢ్ ఛత్తీస్‌గఢ్‌లో ఉంది, రాయగడ్ మహారాష్ట్రలో ఉంది, అది శివాజీ కోట. అదే దారిలో బిస్సంకటక్ ఉంది, కటకం వేరే ఉంది. సాలూరు ఘాటీ ఎక్కి వెళితే వచ్చే జయపురం ఒకటైతే, రాజస్థాన్ జైపూర్ ఇంకొకటి. ఇవన్నీ వివరంగా రాస్తే నోటుపుస్తకం అంతా ఇక్కడే దింపాల్సొస్తుంది.

నేను కాపురానికి వచ్చింది విజయనగరం. అత్తవారిల్లు మూడు లాంతర్ల కూడలికి దగ్గర. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి మా అరుగు మీద కూర్చోడానికి చోటుండేది కాదు. బడిలో చదువుకునే రోజుల్లో చరిత్ర పుస్తకంలో విజయనగర సామ్రాజ్యం అని వస్తే, మా తరగతి పిల్లలందరం మన విజయనగరమే అనుకుని ఛాతీ పొంగించేవాళ్ళం. ఆ కోట, ఆ పెద్దచెరువు చూస్తే రాయలవారు ఇక్కడే ఏలారని ఎవరైనా నమ్ముతారు. మాస్టారు సరిదిద్ది, అది తుంగభద్ర ఒడ్డున ఉన్న హంపి అని చెబితే ఆ పూట అన్నం సయించలేదు. తర్వాత మామగారు చెప్పారు, మన ఊరి పేరు ఎక్కడినుంచీ అరువు తెచ్చుకున్నది కాదని. 1713లో కోటకి శంకుస్థాపన జరిగింది. ఆ ఏడు విజయ నామ సంవత్సరం. రోజు విజయదశమి. వారం జయవారం, అంటే మంగళవారం. కట్టించినది పూసపాటి విజయరామరాజు. అన్నీ విజయాలే కలిసిన ఊరని ఇక్కడి పెద్దలు చెప్పుకుంటారు. ఇప్పుడు కర్ణాటకలోనూ 2021లో విజయనగర అనే జిల్లా ఏర్పడింది, హొసపేట కేంద్రంగా. ఆన్‌లైన్లో ఏదైనా కొంటే జిల్లా దగ్గర ఆగి ఒకటికి రెండుసార్లు చూసుకోవలసి వస్తోంది.

కృష్ణ ఒడ్డు శ్రీకాకుళం చూడాలని నాన్నకి ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కోరిక. రిటైరయ్యాక నేనూ మా ఆయనా ఆయన్ని తీసుకెళ్ళాం. విజయవాడనుంచి కరకట్ట మీదుగా, ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క అరటితోటలు, పసుపుచేలు. ఊళ్ళో ఆంధ్రమహావిష్ణువు ఆలయం. పూజారిగారు గోత్రం అడిగి, "ఎక్కడినుంచమ్మా?" అన్నారు. "శ్రీకాకుళం నుంచండీ" అన్నాన్నేను. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఆ శ్రీకాకుళం వారా! ఉత్తరాలు మీవి మాకొస్తాయండీ" అన్నారు. నాన్న ముఖం వెలిగిపోయింది. ఇద్దరూ మండపం మెట్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. మేం ప్రసాదం తిని, ఏరు చూసి తిరిగొచ్చినా ఇంకా ఉత్తరాల దగ్గరే ఉన్నారు.

అక్కడే పూజారిగారు చెప్పిన మాట ఒకటి నాకు అప్పటినుంచీ పట్టుకుంది. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకి వెళుతూ ఆ ఊళ్ళో బసచేశారు. హరివాసరం నాడు ఉపవాసం ఉండి నిద్రపోతే, ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడు. ఆముక్తమాల్యద పుట్టుక అదని రాయలే కావ్యం మొదట్లో చెప్పుకున్నారు. ఆ దండయాత్రలోనే ఆయన మా వైపు వచ్చారు. 1516లోనూ 1519లోనూ సింహాచలం వచ్చినట్టు అక్కడి శాసనాలున్నాయి. మా విజయనగరానికి దగ్గర్లోని పొట్నూరులో జయస్తంభం నాటించారు. అంటే ఆ విజయనగరం రాజు ఆ శ్రీకాకుళంలో కలగని, ఈ విజయనగరం పొరుగున స్తంభం నాటి, ఈ శ్రీకాకుళం ఉన్న కళింగనేల మీద నడిచి వెళ్ళాడు. చిన్నప్పుడు మాస్టారు సరిదిద్దిన రోజు నాకు కలిగిన దిగులంతా ఆ మెట్ల మీద తీరిపోయింది. పేర్లు ఒకటే కావడం వట్టి గందరగోళమని అప్పటినుంచీ నేను అనుకోను. ఆ పేరు పట్టుకుని పోతే ఎక్కడో ఓచోట మనిషి ఒకడు రెండు ఊళ్ళలోనూ కనిపిస్తాడు.

మా తరంలో పిల్లలు దేశాలు పట్టి వెళ్ళాక నీలంసిరా పేజీలు నిండిపోయాయి. ఎదురింటి అప్పలనరసమ్మత్త మనవడు లండన్ వెళ్ళాడంటే వీధంతా లడ్డూలు పంచింది. తర్వాత తెలిసింది, అది కెనడాలో ఒంటారియో లండన్ అని. అత్త ఏమీ చిన్నబుచ్చుకోలేదు. "లండనే కదేటి, ఏరు కూడా అదే పేరట" అంది. నిజమే. 1793లో సిమ్‌కో అనే ఇంగ్లీషు గవర్నరు ఆ చోటు ఎంచినవాడు. అక్కడి నదికి కూడా థేమ్స్ అనే పేరే ఉంది. ఇల్లు విడిచి వచ్చినవాడికి ఊరి పేరు ఒక్కటే పెట్టుకుంటే చాల్లేదు, ఏరు కూడా కావలసొచ్చింది. నాకు ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కడుపు కదులుతుంది.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. ఒకసారి ఫోన్ చేసి "అమ్మా, ఢిల్లీలో ఉన్నాం" అంది. నేను ఇండియా వచ్చేసిందనుకుని లేచి నిలబడ్డాను. న్యూయార్కు రాష్ట్రంలో డెలావేర్ నది కొండల మధ్య ఢిల్లీ అనే చిన్న ఊరుందట, వాళ్ళు ‘డెల్‌హై’ అని పలుకుతారట. ఒరెగాన్‌లో మద్రాసు ఉంది. ఒహాయోలో కలకత్తా ఉంది. ఇల్లినాయిలో ఒహాయో నది ఒడ్డున గోల్కొండ ఉంది, నెవాడాలో గనుల దగ్గర ఇంకో గోల్కొండ. టెక్సాస్‌లో పారిస్ ఉంది, అక్కడివాళ్ళు 65 అడుగుల ఐఫిల్ టవర్ కట్టి నెత్తిన ఎర్రటోపీ పెట్టారు. మా ఇంట్లో సేలం అంటే స్టీలు పళ్ళేల ఊరు. ఒరెగాన్ రాష్ట్రానికి రాజధాని కూడా సేలమే. 1692లో మంత్రగత్తెలని నెపం పెట్టి జనాన్ని ఉరితీసిన మసాచుసెట్స్ ఊరూ సేలమే. హైదరాబాదు సంగతి నాన్నే చెప్పేవారు. సింధులో 1768లో కట్టిన హైదరాబాదు పాకిస్తాన్లో ఉండిపోయింది. నాంపల్లి స్టేషనుకి హైదరాబాద్ దక్కన్ అనే పేరు ఇప్పటికీ ఉంది చూడండి, ఆ ‘దక్కన్’ మన రేగిడి ఆమదాలవలసలో ‘రేగిడి’ చేసే పనే చేస్తోంది.

పేర్లు పెట్టినవాళ్ళు రెండు రకాలని నాన్న అనేవారు, నేనూ అదే నమ్ముతాను. గెలిచినవాడు తన పేరు పెట్టుకుంటాడు. అలెగ్జాండరు నడిచిన దారిపొడవునా అలెగ్జాండ్రియాలే, ఈజిప్టులోది క్రీ.పూ. 331లో. విక్టోరియా రాణి పేరు కెనడానుంచి సీషెల్స్ దాకా ఉంది. వలసపోయినవాడు తన పేరు పెట్టుకోడు, వదిలివచ్చిన ఊరి పేరు పెడతాడు. బోస్టన్, కేంబ్రిడ్జ్ అట్లా అట్లాంటిక్ దాటాయి. అమెరికా కేంబ్రిడ్జ్‌కి ముందు వేరే పేరుండేది, 1638లో మార్చుకున్నారు, తమవాళ్ళు చదివొచ్చిన ఊరి గుర్తుగా. మారిషస్‌లో బెనారస్ ఉంది, కోరమాండల్ ఉంది. అక్కడికి ఓడల్లో వెళ్ళినవాళ్ళలో మన తెలుగు కూలీలూ ఉన్నారు. మా తాత తోడల్లుడు ‘రంగం’ వెళ్ళినవాడు, అంటే రంగూను. మా వైపునుంచి జనం అక్కడికి కలుపులకీ, మిల్లుల్లోకీ, రేవులోకీ ఓడలెక్కి వెళ్ళారు. యుద్ధంలో జపానువాళ్ళు వచ్చాక చాలామంది నడిచి తిరిగొచ్చారు. బర్మాలో ఎక్కడైనా ‘కొత్త శ్రీకాకుళం’ అని పేరు పెట్టి ఉంటారా అని నాన్న నోటుపుస్తకంలో ఒక ఖాళీగీత వదిలిపెట్టారు. విశాఖపట్నంలో మాత్రం బర్మా క్యాంపు ఉంది. ఊరి పేరు ఇటునుంచి అటు వెళ్ళాల్సింది పోయి, అటునుంచి ఇటు వచ్చింది.

ఇంకొక సంగతి. శ్రీకాకుళం రెండు ఉండొచ్చు, విజయనగరం మూడు ఉండొచ్చు. కానీ సిక్కోలు ఒక్కటే. ఇజీనారం ఒక్కటే. బస్సులో కండక్టరు "ఇజీనారం, ఇజీనారం" అని అరిచినప్పుడు హంపి వెళ్ళేవాడెవడూ పొరపాటున ఎక్కడు. "మాది సిక్కోలండీ" అంటే ఎవరూ ఏ సిక్కోలని అడగరు. బోర్డుల మీద రాయించే పేర్లు అందరివీ. నోట్లో నలిగి నున్నబడ్డ పేర్లే ఊరివి. మా కోడలు పిల్లలకి ఆ పలుకు రానివ్వకుండా ‘విజయనగరం అనాలి’ అని దిద్దుతుంటే నేను ఊరుకోను. రెండూ రావాలంటాను.

నాన్న పోయాక నోటుపుస్తకం నాకొచ్చింది. వెనక అట్ట ఊడిపోతే గుడ్డ అంటించాను. ఎర్రసిరా, నీలంసిరా తేడా నేనూ పాటిస్తున్నాను. ఈమధ్య చేర్చినవి: వంగర, ఒకటి మా రాజాం పక్కది, ఒకటి హనుమకొండ జిల్లాలో పి.వి.నరసింహారావు పెరిగిన ఊరు. నందిగాం, ఒకటి టెక్కలి పక్కన, రెండోది నందిగామ, విజయవాడ అవతల. కొత్తూరు దగ్గర ఆగిపోయాను. అది ఎన్ని పేజీలు పడుతుందో.

మా ఆయన కాలు నెప్పి తగ్గితే సంక్రాంతి వెళ్ళాక బెంగాలు బరంపురం వెళ్దామనుకుంటున్నాం. హౌరా దాకా మన బండే ఉంది. అక్కడినుంచి సియాల్దా వెళ్ళి లాల్‌గోలా వైపు బండెక్కితే బెరంపోర్ కోర్ట్ అనే స్టేషను వస్తుంది. అటు వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే, స్టేషను దగ్గర ఉండడానికి మంచి చోటు, చలికి ఏమాత్రం దుప్పట్లు కావాలో చెప్పండి.